అమరావతి రాళ్లలో మానవమూర్తి

మొజాయిక్ అను మాట మన ప్రాంతమువారికి క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమున గుంటూరు, తెనాలి, ఒంగోలు పట్టణములలో కాస్త కలిమి గలవారు ఇల్లు కట్టించినప్పుడు మొజాయిక్ గచ్చు వేయించుట ఒక ముచ్చట. చలువరాతి పలుకులను సిమెంటులో కలిపి పరచి, గట్టిపడిన పిదప సానరాతితో అరగదీసి నునుపు తేల్చెడివారు. ఆ నేలమీద బోర్లపడి ఆడుకొన్న పిల్లలు ఆ పలుకులలో ఏనుగులను, మేఘములను, మనుష్యుల ముఖములను వెదకికొనెడివారు. గచ్చు వేసిన మేస్త్రీ ఆ బొమ్మలను తలపెట్టలేదు. అయినను చూచువాని కన్ను ముక్కలను కలిపి మూర్తిని చేసికొనును. ఈనాటి మా ప్రసంగమునకు ఈ చిన్న సంగతియే మొదలు.

అసలు మొజాయిక్ అనునది మిక్కిలి ప్రాచీనమైన కళ. రంగురాళ్ల ముక్కలను, గాజు ముక్కలను మెత్తని సున్నములో ఒక్కొక్కటిగా అదిమి చిత్రమును రూపొందించుట దాని పద్ధతి. రెండువేల యేండ్లక్రిందట రోమకులు తమ యిండ్ల నేలలను ఇట్టి చిత్రములతో అలంకరించుకొనిరి. పిదప ఈ కళ నేలనుండి క్రైస్తవాలయముల గోడల కెక్కినది. ఇటలీలోని రవెన్నా పట్టణమున 547లో ప్రతిష్ఠింపబడిన సాన్ విటాలే ఆలయములో జస్టీనియన్ చక్రవర్తియు, థియొడోరా రాణియు తమ పరివారములతో నిలిచియున్న చిత్రములు జగద్విఖ్యాతములు. అచటి పనివారు బంగారు రేకు పొదిగిన గాజుముక్కలను సమముగా గాక కొంచెము వాలుగా అదిమిరి. అందుచేత చూచువాడు కదలినకొలది గోడమీది వెలుగును కదలును. నేటి మొజాయిక్ చిత్రకారులు మరియొక అడుగు ముందునకు వేసిరి. ముక్కకును ముక్కకును నడుమనున్న సందును వారు మరుగుపరచుట లేదు. దానినే మనస్సులోని కలతకు, యెడబాటునకు గుర్తుగా వాడుచున్నారు. రాజుల ఠీవిని చూపిన కళ ఇప్పుడు సామాన్య మానవుని అంతరంగమును చూపుటకు పూనుకొన్నది.

రోమకులు రాతిముక్కల చిత్రములపై నడయాడుచున్న కాలమున మన కృష్ణాతీరపు శిల్పులు ఏమి చేయుచుండిరి? వారికి ఈ ముక్కల పని లేదు. కాని మానవదేహమును, ఆ దేహములో మెదలు భావమును రాతిలో పట్టి నిలుపుటయందు వారు ఎవరికిని తీసిపోలేదు. ఆ రెండు దేశములకు నడుమ పరిచయమును లేకపోలేదు. క్రీస్తు తరువాతి మొదటి శతాబ్దమున వ్రాయబడిన పెరిప్లస్ అను గ్రీకు నావికగ్రంథము మసాలియా అను తూర్పుతీరమును పేర్కొని, అచట సన్నని నూలుబట్టలు విస్తారముగా నేయుదురని చెప్పుచున్నది. ఆ మసాలియా మన కృష్ణా ముఖద్వార ప్రాంతమే యని చరిత్రకారుల అభిప్రాయము. మన ప్రత్తి నేతకు రోమక నాణెము వచ్చినది. ఆ వర్తకపు కలిమిలో కొంత భాగము ధాన్యకటకపు మహాచైత్యమున శిల్పమై నిలిచినది.

ధాన్యకటకమనగా నేటి ధరణికోట. దాని ప్రక్కనే అమరావతి. గుంటూరునుండి ఉత్తరముగా కృష్ణ ఒడ్డునకు పోవు త్రోవకు ఇరుప్రక్కల నల్లరేగడి పొలములు. ఒక ఋతువున ప్రత్తి విచ్చి తెల్లబడును. మరియొక ఋతువున కల్లములలో ఆరబోసిన మిరపకాయతో నేల యెర్రబడును. వేసవిలో ఆ నేల నెర్రెలు విచ్చి ఎవరో పలకలు పరచినట్లు కనబడును. ఆనాటి శిల్పికి మిరప తెలియదు. అది పోర్చుగీసువారి రాకతో అమెరికాఖండమునుండి పదునారవ శతాబ్దమున వచ్చిన పంట. ప్రత్తి మాత్రము వానికి బాగుగా తెలియును. అమరావతి స్త్రీమూర్తుల కటిపై వస్త్రమును చూడుడు. అంచుగీత యొకటి, మడత యొకటి కనబడును, తక్కినదంతయు దేహమే. అంత సన్నని బట్టను చూచిన కన్నే అట్టి శిల్పమును చెక్కగలదు.

మహాచైత్యమునకు పునాది క్రీస్తునకు పూర్వమే పడినది. శాతవాహనుల కాలమున, విశేషించి క్రీస్తు తరువాతి రెండవ శతాబ్దమున, అది పూర్ణవైభవమును పొందినది. ఇంచుమించు 50 మీటర్ల వ్యాసము గల గుండ్రని కట్టడము. చుట్టును స్తంభములతో, వర్తులఫలకములతో నిండిన ప్రాకారము. నాలుగు దిక్కులను ఆయకవేదికలు. ఒక్కొక్క వేదికపై ఐదేసి స్తంభములు. లోపలి ఇటుకపని కనబడకుండ శిల్పఫలకములు తాపడము చేయబడినవి. ఆ రాయి పలనాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ ఛాయతో తెల్లగా, ఉలికి లొంగునదిగా నుండును. చలువరాయి యని పూర్వపు తెల్లవారు పొరబడిరి. సున్నపురాయి యగుటయే దానికి వరమును, శాపమును అయినది. ఆ సంగతి ముందు చెప్పెదము.

ఇంతటి కట్టడమును ఎవరు కట్టించిరి? పులుమావి కాలపు శాసనము అచట కలదు గావున రాజుల ఆదరణ ఉండెనని చెప్పవచ్చును. కాని ఫలకములపైని చిన్న చిన్న దానశాసనములను చదివినచో మరియొక సమాజము కనబడును. గృహస్థులు, వర్తకులు, సుగంధద్రవ్యములు అమ్మువారు, భిక్షుణులు, వారి తల్లులు, కుమార్తెలు తమ శక్తికొలది ఒక స్తంభమును, ఒక ఫలకమును ఇచ్చిరి. వారిలో విధికుడను చర్మకారుడు ఒకడు. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడతడు. తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకు కూతుళ్లతో, చుట్టములతో, మిత్రులతో కూడి పూర్ణఘటమును చెక్కిన ఫలకమొకటి సమర్పించినట్లు వ్రాయించుకొన్నాడు. అమరావతి శిల్పసంప్రదాయపు పూర్ణఘటము నేడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నములో కలదు. కచ్చేరి కాగితములపై ఆ కలశమును చూచునపుడెల్ల, ఒక తోలుపని వాని యింటిల్లిపాదియు ఇట్టి కలశమునే రాతిలో దానమిచ్చిరని తలచుకొనుట మనకు ఉచితము.

ఇక శిల్పములోని మానవమూర్తిని గూర్చి. తొలికాలపు మూర్తులు బిగిసి, ఒకదానికొకటి యెడముగా, పలకకు అంటుకొన్నట్లు నిలుచును. కృష్ణకు ఆవలి యొడ్డున జగ్గయ్యపేటలో దొరకిన చక్రవర్తి ఫలకము అట్టిది. చక్రవర్తి చేయి యెత్తి నిలిచియుండును. పైనుండి నాణెములు వర్షించుచుండును. అయినను అతని దేహములో చలనము స్వల్పము. రెండు మూడు వందల యేండ్లలో ఈ దేహము మేల్కొన్నది. కాళ్లు పొడవైనవి, నడుము సన్నబడినది, వెన్ను వంగుట నేర్చినది. మూర్తులు ఒకదానినొకటి ఒరసికొనుచు, ఒకదాని వెనుక నొకటి దాగుచు, గుంపుగా బ్రతుకసాగినవి. ఆ ముఖములు చిన్నవి, చాలవరకు అరిగిపోయినవి. కాని ముఖము పోయినను భావము పోలేదు. ఏలయనగా అమరావతి శిల్పి భావమును ముఖమున దాచలేదు. మెడ వంపున, మోకాటి మడతలో, చేతి వ్రేళ్ల కొనలలో నిలిపినాడు.

దీనికి కారణము ఒకటి కలదని మా తలంపు. తొలి బౌద్ధశిల్పమున బుద్ధుని మానవరూపమున చూపుట లేదు. బోధివృక్షము, ధర్మచక్రము, పాదుకలు, శూన్యమైన ఆసనము ఇవియే ఆయన గుర్తులు. కథకు కేంద్రమైన పురుషుడు కనబడనప్పుడు శిల్పి ఏమి చేయవలెను? చుట్టునున్నవారి దేహములచేతనే ఆయన ఉనికిని చెప్పింపవలెను. చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో నలుగురు స్త్రీలు బుద్ధుని పాదములకు మ్రొక్కుచున్న శిల్పమొకటి కలదు. ఆసనము ఖాళీగా నున్నది. దాని ముందు పాదచిహ్నములు మాత్రమే. ఆ స్త్రీలు నేలకు వాలిపోయినారు. వారి వీపుల వంపులలో భక్తియు, అలసటయు, ఏదో యొక దుఃఖము దిగిపోయిన నెమ్మదియు ఒక్కటిగా కలసియున్నవి. పంట నమ్ముకొని నష్టపోయి కోటప్పకొండకో, పెదకాకానికో పోయి సాష్టాంగపడిన మన ఇంటి ఆడువారి వీపులును ఇట్లే యుండును. పదునెనిమిది వందల యేండ్ల యెడము ఆ వంపును మార్చలేదు.

ఇక ఆ మ్యూజియములోనే ఉన్న నలగిరి వర్తులఫలకము. కథ మన శ్రోతలకు తెలిసినదే. దేవదత్తుని కుట్రచే రాజగృహపు వీథిలో మదపుటేనుగును బుద్ధునిపైకి విడిచిరి. మైత్రీభావముచే ఆయన దానిని శాంతపరచెను. శిల్పి ఒక్క గుండ్రని రాతిలో రెండు కాలములను ఇమిడ్చినాడు. ఒక ప్రక్క ఏనుగు జనమును త్రొక్కుచు, తొండమున పట్టి విసరుచు వచ్చుచున్నది. మరియొక ప్రక్క అదే యేనుగు మోకరిల్లియున్నది. నడుమ వీథి. మేడల కిటికీలనుండి తొంగిచూచువారు కొందరు. వెనుదిరిగి పరుగెత్తువారు కొందరు. భయమున తోడివానిని కరచుకొన్న స్త్రీ యొకతె. మేము ఆ ఫలకము ముందు నిలిచినపుడు మొదట మా కన్ను బుద్ధునిపై పడలేదు. ఆ స్త్రీపై పడినది. పిదప కిటికీలకు పోయినది. చివరకు గాని మోకరిల్లిన యేనుగును చేరలేదు. శిల్పి మమ్ము ఆ త్రోవనే నడిపింపదలచినాడు కాబోలు. భయమును ఎరుగనివానికి అభయము విలువ తెలియదు.

బుద్ధుడు ప్రతిమగా వెలసిన పిదపను ఆ పాత గుర్తులు తొలగిపోలేదు. రెండు పద్ధతులును ఒకే స్తూపమున నిలిచినవి. లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నున్న ఫలకమొకటి ఇందుకు చక్కని సాక్ష్యము. దాని యొక ముఖమున క్రీస్తు పూర్వపు పని: బోధివృక్షము, శూన్యాసనము, చుట్టును భక్తులు. కొన్ని వందల యేండ్ల తరువాత మరియొక శిల్పి ఆ రాతిని త్రిప్పి వెనుక ముఖమున సర్వాలంకృతమైన మహాచైత్యమునే చెక్కినాడు. మనకు స్తూపము పూర్ణరూపమున ఎట్లుండెడిదో తెలియుటకు ఇట్టి ఫలకములే ఆధారము. పాతరాతిని వృథా చేయక మరల వాడుకొనుట ఆనాడే మొదలైనది. కాని ఆ వాడుక రాతికి రెండవ ముఖము నిచ్చినది. తరువాతి వాడుక ఉన్న ముఖమును తీసివేసినది.

పదునాలుగవ శతాబ్దమువరకు ఇచట బౌద్ధము ఏదో యొక రూపమున బ్రతికియుండెను. సింహళమునందలి గడలాదెణియ శాసనము 1344లో ధాన్యకటకపు ప్రతిమాగృహమునకు జరిగిన జీర్ణోద్ధారమును పేర్కొన్నది. ఆపై మరపు కమ్మినది. మహాచైత్యము మట్టిదిబ్బయై దీపాలదిన్నె యను పేర నిలిచినది. పదునెనిమిదవ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని రాజధానిగా కట్టించునపుడు రాళ్లకొరకు ఆ దిబ్బను త్రవ్విరి. శిల్పములు మెట్లయినవి, గోడలయినవి. సున్నపురాయి గావున బట్టీలలో కాలి సున్నమయినవియు కలవు. ఎవరిని నిందింతుము? ఇల్లు కట్టుకొనువానికి సున్నము కావలెను. దిబ్బలో తెల్లని రాయి దొరకినది. ఆ రాతిపై వంగి మ్రొక్కు స్త్రీ ఎవరో చెప్పువారు అతని కాలమున లేరు.

1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. 1816లో మరల వచ్చుసరికి ఎంతయో నాశమైపోయినది. అయినను చిత్రకారులను నియమించి మిగిలిన శిల్పములకు కొలతలతో చిత్రములు వ్రాయించుట అతడు చేసిన మహోపకారము. ఆ చిత్రములలోని కొన్ని రాళ్లు నేడు ఎచటను లేవు. కాగితముపై మాత్రమే బ్రతికియున్నవి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి శిల్పములను చెన్నపట్టణము చేర్చెను. అవి 1859లో ఓడనెక్కి లండను పోయినవి. అచటను వెంటనే గౌరవము లభింపలేదు. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ ఒక బండ్లశాలలో వానిని కనుగొనెను. 1880లో బ్రిటిష్ మ్యూజియము చేరినవి. ఇచట 1877లో రాబర్ట్ స్యూయల్, 1881-82లో జేమ్స్ బర్జెస్, పిదప అలెగ్జాండర్ రీ త్రవ్వకములు సాగించిరి. వారికి దొరకినవి హెచ్చుగా చెన్నపట్టణము చేరినవి. కొన్ని అమరావతి ప్రదర్శనశాలలో నిలిచినవి. ఈ విధముగా ఒకే స్తూపపు దేహము మూడు ఊళ్లలో పడియున్నది.

ఇప్పుడు మేము మొదట చెప్పిన మొజాయిక్ మాట మరల వచ్చినది. మన పూర్వులు ముక్కలతో మూర్తిని చేయలేదు. కాలము మూర్తిని ముక్కలు చేసి మన చేతికిచ్చినది. ఆ ముక్కలను కలుపుట మన తరమువారి పని. చండీగఢ్‌లో నేక్‌చంద్ అను రహదారుల శాఖ ఉద్యోగి 1950ల చివర ఎవరికిని తెలియకుండ పారవేసిన పింగాణిపెంకులు, పగిలిన గాజులు ఏరి, వానితో వందలకొలది మనుష్యమూర్తులను చేసెను. 1976లో అది ప్రజలకు తెరువబడినది. పగిలిన గాజుముక్కలతో చేసిన ఆ ఆడువారు వరుసలు తీరి నిలిచియుండగా చూచినవారికి ఊరి జాతర తలపునకు వచ్చును. పారవేసినదానిలో మనిషిని చూడగల కన్ను ఉన్నచో పని జరుగునని ఆయన నిరూపించెను. అమరావతికి కావలసినదియు ఆ కన్నే. సి. శివరామమూర్తిగారు 1942లో ప్రకటించిన చెన్నపట్టణపు అమరావతి శిల్పముల గ్రంథము ఆ పనిలో గొప్ప మెట్టు. మెకంజీ చిత్రములను, లండను ఫలకములను, చెన్నపట్టణపు ఫలకములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో స్తూపపు రూపము కన్నులకు కట్టును. రాళ్లన్నియు అమరావతికే తిరిగి రావలెనని కోరువారున్నారు. ఆ కోరికలో న్యాయము కలదు. అంతవరకు వాని రూపమైనను, వాని కథయైనను ఇచటి బడిపిల్లలకు అందవలెనని మా విన్నపము.

రాళ్లు తిరిగి రావన్న నిరాశ అక్కరలేదు. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ యొడ్డున చందవరము కలదు. 1964లో అచటి బౌద్ధక్షేత్రము వెలుగులోనికి వచ్చినది. 1970లలో త్రవ్వకములు జరిగినవి. అచటనుండి బుద్ధుని ఆరాధించు భక్తులను చెక్కిన సున్నపురాతి ఫలకమొకటి దొంగిలింపబడి దేశములు దాటినది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల దానిని వర్తకులయొద్ద కొన్నది. 1990లలో అది భారతదేశముననే యుండెనని ఛాయాచిత్రము సాక్ష్యమిచ్చుటతో, 2016లో దానిని భారతదేశమునకు మరల నప్పగించిరి. ఎవరో యొకరు ఒకనాడు తీసిన చిన్న ఛాయాచిత్రము ఆ భక్తులను స్వదేశమునకు చేర్చినది. మెకంజీ చిత్రకారుని కలము రెండువందల యేండ్లకు ముందు చేసిన పనియు ఇట్టిదే.

ఇది మ్యూజియముల పెద్దలకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. ధరణికోట, భట్టిప్రోలు, గోలి, చందవరము ఇవన్నియు మన పొలముల నడుమనే యున్నవి. నాగలికో, యంత్రమునకో చెక్కుడురాయి యొకటి తగులుట ఇచట వింత కాదు. అట్టి రాయి గట్టుమీద పడవేయబడుట, కాలువకు అడ్డముగా వేయబడుట, రాత్రికి రాత్రి ఎవరికో అమ్ముడగుట మనము విన్నవే. రైతుసోదరులారా, అట్టిది దొరకినచో కదల్పక, దొరకిన చోటునే ఒక చిత్రము తీయించి, తహసీలుదారు కచ్చేరికి గాని పురావస్తుశాఖకు గాని తెలుపుడు. ఏ ఫలకము ప్రక్కన ఏ ఫలకముండెనో చెప్పగలిగినది ఆ చోటు మాత్రమే. చోటు తెలియని ముక్క ఎంత అందమైనదైనను చిత్రములో ఇముడదు.

విధికుడు తన ఫలకము క్రింద తన కుటుంబమునంతటిని పేర్కొన్నాడు. రాజు పేరు వ్రాయించుకొన్న రాళ్లకంటె అట్టి రాళ్లే మాకు ఆప్తములు. పంట చేతికి వచ్చిననాడు ఒక భాగము తీసి, ఇంటిల్లిపాది పేర ఒక రాతిముక్క నిచ్చి, పెద్ద కట్టడములో దానికొక చోటు దొరకినందుకు తృప్తిపడిన మనుష్యులు వారు. వారిచ్చిన ముక్కలను కాపాడి, వాని చోటు వానికి చూపుట మన వంతు.